నీలం రాయి ఎంగేజ్‌మెంట్ ఉంగరం: హాల్‌మార్క్, రాయి బరువు, రాయి అర్థం మీద సందేహాలు

బెజవాడ_శ్రీను అడుగుతున్నారు:

తమ్ముడి నిశ్చితార్థానికి అమ్మాయి వేలికి పెట్టే ఉంగరం దాదాపు ఖాయం చేశాం. ఇంకా డబ్బు కట్టలేదు. 18 క్యారట్ పసుపు బంగారం, మధ్యలో కోలగా ఉన్న నీలం (సఫైర్), చుట్టూ 12 చిన్న వజ్రాలు. ఎస్టిమేట్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

గ్రాస్ వెయిట్ (రాళ్లతో కలిపి మొత్తం బరువు) 4.850 గ్రాములు. సిలోన్ నీలం 1.52 క్యారట్లు. వజ్రాలు మొత్తం 0.18 క్యారట్. తరుగు 14 శాతం. రాళ్ల ధర విడిగా వేశారు, బంగారం మాత్రం 4.850 గ్రాములకీ కట్టారు.

ఉంగరం లోపల త్రిభుజం గుర్తు, 18కె750 (18 క్యారట్, అంటే వెయ్యికి 750 పాళ్లు బంగారం), ఆ పక్కన అక్షరాలు, అంకెలు కలిపి ఆరు స్థానాల కోడ్ ఉన్నాయి. ఆ కోడ్‌ని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) కేర్ యాప్‌లో కొడితే ఈ షాపు పేరు కాకుండా వేరే ఊళ్లోని వేరే సంస్థ పేరు వచ్చింది. నా సందేహాలు ఇవి:

1. వేరే పేరు వచ్చిందంటే దొంగ హాల్‌మార్కేనా?
2. బంగారం లెక్క సరిగ్గా ఉందా?
3. "హాల్‌మార్క్ ఉంది కదా, రాయికి మళ్లీ సర్టిఫికెట్ ఎందుకు" అంటున్నారు. నిజమేనా?
4. ఇంట్లో పెద్దవాళ్లు 22 క్యారట్‌లోనే చేయించమంటున్నారు. ఇలాంటి ఉంగరానికి అది పనికొస్తుందా? సైజు కూడా రెండు అంకెలు తగ్గించాలి.
5. "నీలం శని రాయి, శుభకార్యానికి ఎలా పెడతారు" అని మా పెద్దమ్మ పట్టుబట్టింది. అమ్మాయికేమో నీలి రంగే కావాలి. ఏ రాయికి ఏ అర్థమో, మధ్యేమార్గం ఏదైనా ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

గీటురాయి:

మొదటి ప్రశ్నకి: వేరే పేరు వచ్చినంత మాత్రాన దొంగ గుర్తు కాదండీ. హాల్‌మార్కింగ్ కేంద్రానికి నగని పంపిన వ్యాపారి పేరే యాప్‌లో కనపడుతుంది. రాళ్ల ఉంగరాల్లాంటివి చాలా షాపులు హోల్‌సేల్‌లో తెచ్చుకుంటాయి, ఆ హోల్‌సేలరే గుర్తు వేయించి పంపుతాడు. కాబట్టి పేరు ఒక్కటే పట్టుకోకండి. యాప్‌లో ఇంకో మూడు చూడండి. వస్తువు రకం దగ్గర ఉంగరం అని ఉండాలి. స్వచ్ఛత 18కె750 అని ఉండాలి. గుర్తు వేసిన తేదీ, కేంద్రం చిరునామా కనపడాలి. ఉంగరం మీద కోడ్ కొడితే గాజులనో చెవిదిద్దులనో వచ్చిందంటే మాత్రం అక్కడే ఆపేయండి. ఈ కోడ్ ఒక్కో నగకి ఒక్కటే, రెండో వస్తువు మీద అదే కోడ్ ఉండకూడదు. అదే మోడల్ ఉంగరం ఇంకోటి తీయించి రెండింటి కోడ్‌లూ పోల్చడం తేలికైన పరీక్ష.

గుర్తుని మామూలు కంటితో చదవడానికి ప్రయత్నించకండి. కనీసం 10 రెట్లు చూపించే భూతద్దం షాపులో ఉంచాలని నిబంధనే ఉంది, అడగండి. లేజర్‌తో వేసిన గుర్తు సన్నగా, అంచులు పదునుగా కనపడుతుంది. సున్నా, 'ఓ' అక్షరం ఒకదానికొకటి పొరబడితే యాప్ ఏమీ చూపించదు. కోడ్ తప్పని కంగారు పడేముందు ఆ రెండూ మార్చి చూడండి.

ఇప్పుడు ఉండాల్సిన గుర్తులు మూడే: బీఐఎస్ త్రిభుజం, స్వచ్ఛత, ఆరు స్థానాల హెచ్‌యూఐడీ కోడ్. ఇంతకుముందు నాలుగు ఉండేవి, పరీక్ష కేంద్రం గుర్తు, వ్యాపారి గుర్తు విడివిడిగా వేసేవారు. 2021 జూన్‌లో హాల్‌మార్కింగ్‌ని 256 జిల్లాల్లో తప్పనిసరి చేశారు, ఆ జులై నుంచి హెచ్‌యూఐడీ వచ్చింది. 2023 ఏప్రిల్ 1 తర్వాత ఈ కోడ్ లేని హాల్‌మార్క్ నగ షాపులో అమ్మకూడదు. ఇంట్లో ఉన్న పాత నాలుగు గుర్తుల నగలకి ఏ ఇబ్బందీ లేదు, అవి అలాగే చెల్లుతాయి.

ఉంగరాలకి సంబంధించి ఒక మినహాయింపు తెలుసుకోవాలి. 2 గ్రాముల లోపు బరువున్న వస్తువుకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. కుందన్, పోల్కీ, జడావు పనికీ మినహాయింపే, ఎందుకంటే రాళ్ల కింద లక్క, పల్చటి రేకులు ఉంటాయి, మొత్తం వస్తువుకి ఒకే స్వచ్ఛత చెప్పడం కష్టం. సన్నటి రాయి ఉంగరాలు చాలావరకు ఆ 2 గ్రాముల లోపే పడతాయి. గుర్తు లేని ఉంగరం చూపించి "చిన్నది కాబట్టి అవసరం లేదు" అంటే చట్టప్రకారం అది నిజమే, కానీ స్వచ్ఛతకి పూచీ ఎవరూ ఉండరు. మీది ఆ హద్దు దాటింది కాబట్టి గుర్తు ఉండి తీరాలి.

ఇక 'కేడీఎం' అని ఎవరైనా గొప్పగా చెబితే పట్టించుకోకండి. అది స్వచ్ఛత ముద్ర కాదు. టంకంలో కాడ్మియం కలిపే పద్ధతికి ఆ పేరు. కరిగించేటప్పుడు ఆ పొగ కంసాలి ఊపిరితిత్తులకి విషం, అందుకే ఆ పద్ధతిని మానిపించారు.

అనుమానం మిగిలితే బీఐఎస్ గుర్తింపు ఉన్న ఏ కేంద్రానికైనా మీరే తీసుకెళ్లి పరీక్ష చేయించుకోవచ్చు. 2023 నాటికి నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలు ఉండేది. ముందు ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్‌రే కిరణాలతో లోహం పాళ్లు చూసే) యంత్రంలో పెడతారు. ఇది పైపొరనే చదువుతుంది. పూత ఉన్నచోట గానీ టంకం ఉన్నచోట గానీ కిరణం పడితే అంకె మారిపోతుంది, అందుకని ఉంగరం కాడ మీద రెండు మూడు చోట్ల చూడమనండి. తుది తీర్పు ఫైర్ అస్సే అనే కొలిమి పరీక్షదే. పావు గ్రాము అటూ ఇటూ లోహం తీసి, వెండి కలిపి, సీసం రేకులో చుట్టి కొలిమిలో పెడతారు. సీసం, రాగి లాంటివన్నీ మూసలోకి ఇంకిపోతాయి. మిగిలిన పూసని సాగదీసి నత్రికామ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి బంగారం ఒక్కటే మిగులుతుంది, దాన్ని తూస్తారు. రాళ్లు పోగా నాలుగున్నర గ్రాముల బంగారమున్న ఉంగరంలోంచి అంత లోహం తీస్తే ఉంగరం పాడవుతుంది. అందుకని పరీక్షలో గట్టి తేడా కనపడి వివాదం దాకా వెళ్తేనే దానికి ఒప్పుకోండి.

స్వచ్ఛత తక్కువని తేలితే 2018 బీఐఎస్ నిబంధనల్లోని 49వ నిబంధన ప్రకారం, తగ్గిన స్వచ్ఛత విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చు కలిపి ఇవ్వాలి. ఉదాహరణకి రాళ్ల బరువు తీసేశాక 4.510 గ్రాములున్న మీ ఉంగరంలో 750 బదులు 720 తేలిందనుకోండి. వెయ్యికి 30 తక్కువ, అంటే 0.135 గ్రాము మేలిమి బంగారం తగ్గినట్టు. దాని విలువకి రెట్టింపు మీకు రావాలి. ఇదంతా బిల్లు ఉంటేనే. ఎస్టిమేట్ కాగితం దేనికీ పనికిరాదు.

పాట్‌మార్కెట్:

రెండో ప్రశ్నకి సూటిగా: లెక్క తప్పు. రాళ్ల బరువుకి రెండుసార్లు డబ్బు కడుతున్నారు, ఒకసారి రాయిగా, ఇంకోసారి బంగారంగా.

రాళ్ల తూకంలో క్యారట్ అంటే 0.2 గ్రాము (బంగారానికి చెప్పే క్యారట్ స్వచ్ఛత, అది వేరు). నీలం 1.52 క్యారట్లు అంటే 0.304 గ్రాము. వజ్రాలు 0.18 అంటే 0.036 గ్రాము. రెండూ కలిపి 0.340 గ్రాము. 4.850 లోంచి అది తీసేస్తే నికర బంగారం 4.510 గ్రాములు. తరుగు కూడా ఈ 4.510 మీదే వేయాలి. వాళ్ల లెక్కలో తరుగుతో కలిపి మీ మీద పడుతున్న అదనపు బంగారం 0.340 మీద 14 శాతం చేర్చి 0.388 గ్రాము. లెక్క కోసం 18 క్యారట్ గ్రాము 9,000 అనుకుంటే దాదాపు 3,490 రూపాయలు, 3 శాతం జీఎస్టీతో కలిపి 3,590 దాటుతుంది.

రేటు కూడా సరిచూడండి. షాపు బోర్డు మీద సాధారణంగా 22 క్యారట్ రేటే పెద్దగా కనపడుతుంది. 18 క్యారట్ రేటు అందులోంచి రావాలంటే 750తో గుణించి 916తో భాగించాలి. 22 క్యారట్ 11,000 అయితే 18 క్యారట్ 9,007 రావాలి. అంతకంటే ఎక్కువ వేస్తే ఎందుకని అడగండి. కొందరు రాళ్ల నగలకి తరుగు ఒకటి, మజూరీ ఒకటి, సెట్టింగ్ చార్జీ ఇంకొకటి వేస్తారు. మూడూ కలిపి గ్రాముకి ఎంత పడుతోందో చూసి ఇంకో షాపుతో పోల్చండి. తరుగు శాతాన్ని ఒక్కదాన్నే పోలిస్తే మోసపోతారు.

బిల్లులో ఇవి విడివిడి వరుసల్లో ఉండాలి: వస్తువు వివరం, నికర బంగారం బరువు, క్యారట్‌తో పాటు 750 అనే అంకె, హాల్‌మార్క్ చార్జీ, ఒక్కో రాయి రకం, బరువు, ధర. హాల్‌మార్క్ చార్జీ 2022లో సవరించినప్పుడు ఒక్కో బంగారు నగకి 45 రూపాయలు, దానిపై జీఎస్టీ. శాతాల్లో గానీ వందల్లో గానీ వేస్తే అది చార్జీ కాదు, లాభం. హెచ్‌యూఐడీ కోడ్ కూడా బిల్లు మీద రాయించుకోండి.

రాయి బరువు 'రత్తి'లో చెబితే క్యారట్లలోకి మార్చి రాయమనండి. జాతకపు రాళ్లు అమ్మేవాళ్ల రత్తి దాదాపు 0.91 క్యారట్, పాత తూకాల గురిగింజ రత్తి 0.12 గ్రాము అంటే 0.6 క్యారట్. ఒకే మాట, రెండు బరువులు. వాదన పెట్టుకోవడం కంటే గ్రాములో మూడో దశాంశం దాకా రాయించుకోవడం మేలు.

తిరిగి ఇచ్చేటప్పటి షరతు ఇప్పుడే రాయించండి. బంగారానికి చాలామంది ఆనాటి రేటు ఇస్తారు. రంగు రాయికి కొన్ని షాపులు అసలేమీ ఇవ్వవు, కొన్ని కొన్న ధరలో కొంత శాతమే ఇస్తాయి. మీ ఉంగరంలో రాయి ధర ఎక్కువ కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

రత్నదర్శి:

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. హాల్‌మార్క్ లోహం గురించి మాత్రమే చెబుతుంది. ఉంగరంలో గాజు ముక్క పెట్టినా 18కె750 గుర్తు నిజాయితీగానే పడుతుంది. రాయికి విడిగా ల్యాబ్ రిపోర్ట్ ఉండాలి. 1.52 క్యారట్ల నీలానికి అది అడగడం అతి జాగ్రత్త కాదు.

రిపోర్ట్‌లో "సహజమైన కొరండం, నీలం రకం" అని ఉండాలి. నీలం, కెంపు రెండూ ఈ కొరండం అనే ఖనిజమే. ఆ కిందే ట్రీట్‌మెంట్ (రాయికి చేసిన మార్పుల) వరుస ఉంటుంది, అసలు ధర నిర్ణయించేది అదే. వేడి చేసిన నీలం మార్కెట్‌లో మామూలు, శాశ్వతం, దాంట్లో తప్పేమీ లేదు. వేడి చేయని రాయి అయితే ధర బాగా ఎక్కువ. బెరీలియం డిఫ్యూజన్ అని ఉంటే రంగు బయటి నుంచి ఎక్కించినట్టు, ధర చాలా తగ్గాలి. గాజు నింపినది అయితే ఎంగేజ్‌మెంట్ ఉంగరానికి అసలు వద్దు. కెంపుల్లో ఈ సీసపు గాజు నింపుడు మరీ ఎక్కువ, నిమ్మరసం తగిలినా పైకి తేలిన గాజు గీతలు తినుకుపోతాయి.

"సిలోన్" అన్న మాటని రంగు పేరులా వాడేస్తుంటారు. శ్రీలంక రాయేనని రిపోర్ట్‌లో ల్యాబ్ అభిప్రాయం ఉంటేనే ఆ పేరుకి డబ్బు కట్టండి. జీఐఏ, ఐజీఐ, జైపూర్‌లో జెమ్ అండ్ జ్యువెలరీ కౌన్సిల్ నడిపే ల్యాబ్, వీటిలో ఏదైనా సరే. షాపు సొంతంగా అచ్చువేసిన ప్లాస్టిక్ కార్డు మాత్రం రిపోర్ట్ కాదు.

రాయి విడిగా ఉన్నప్పుడే పరీక్ష చేయించండి. పొదిగాక బరువు కొలతల్ని బట్టి అంచనా వేయాల్సిందే, అడుగు భాగం సరిగ్గా కనపడదు. విడి రాయైతే వక్రీభవన సూచిక (రాయి కాంతిని వంచే కొలత) 1.762 నుంచి 1.770, సాపేక్ష సాంద్రత 4.00 దగ్గర తేలాలి. మీకై మీరు చేసుకోగల మోటు తనిఖీ ఒకటుంది. కోల ఆకారంలో 8×6 మిల్లీమీటర్ల నీలం మామూలు లోతుతో కోస్తే సుమారు 1.5 క్యారట్ తూగుతుంది. అదే కొలతలో, నీలంలా కనపడే ఐయోలైట్ రాయి అయితే సాంద్రత 2.6 కాబట్టి దాదాపు 1 క్యారట్టే ఉంటుంది. కొలతలూ బరువూ పొసగకపోతే అడగాల్సిన విషయమే.

ల్యాబ్‌లో చేసిన కొరండం కూడా అంతే గట్టిది, అదే సాంద్రత. అందుకని తూకం దాన్ని పట్టుకోలేదు. 1902లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త వెర్న్యూయ్ ప్రకటించిన మంట పద్ధతిలో చేసిన రాళ్లలో 10 రెట్ల అద్దంతో వంపు తిరిగిన గీతలు, గుండ్రటి బుడగలు కనపడతాయి. సహజ నీలంలో రంగు పట్టీలు తిన్నగా, కోణాలు తిరిగి ఉంటాయి, సన్నటి పట్టుపోగుల్లాంటి సూదులు ఉంటాయి. అద్దంలో ఏమీ లేకుండా, రంగు ఒకే తీరుగా, ధర తక్కువగా ఉంటే అనుమానించాలి.

నాలుగో ప్రశ్న: 22 క్యారట్ వద్దు. రాయిని పట్టుకునే సన్నటి గోళ్లు 22 క్యారట్‌లో మెత్తగా ఉంటాయి. దుప్పటి దారం తగిలినా మెల్లగా పైకి లేస్తాయి, రాయి కదులుతుంది, ఒకరోజు ఊడిపోతుంది. 18లో రాగి, వెండి పాలు ఎక్కువ కాబట్టి గోరు నిలబడుతుంది. పెద్దవాళ్లు 22 అనే పట్టుబడితే గోళ్లకి బదులు రాయి చుట్టూ పూర్తిగా బంగారపు గట్టు వచ్చేలా చేయించండి, రాయి కొంచెం చిన్నదిగా కనపడుతుంది కానీ భద్రం.

సైజు తగ్గించే పనిలోనే రాళ్లు ఎక్కువగా పాడవుతాయి. మన దగ్గర ఉంగరం సైజులో ఒక్కో అంకె చుట్టుకొలతలో దాదాపు 1 మిల్లీమీటర్. రెండు అంకెలు తగ్గించాలంటే కాడలో 2 మిల్లీమీటర్ల ముక్క తీసి టంకం పెట్టాలి. అప్పుడు కంసాలి వెలిగారం వాడతాడు. వేడి మీద కరిగిన వెలిగారం నీలం, కెంపుల పైపొరని తినేస్తుంది, మెరుగు పోయి సన్నటి గుంటలు పడతాయి. వజ్రానికి బోరిక్ ఆమ్లం పూత రక్షణ, అదే పూత నీలానికి చేటు. కాబట్టి లేజర్ వెల్డింగ్ ఉన్న చోట చేయించండి, లేదా నీలం తీసేసి సైజు చేసి మళ్లీ పొదగమనండి. అన్నిటికంటే మంచిది సరైన సైజులో కొత్తగా పోత పోయించడం.

ఇంకో రెండు జాగ్రత్తలు. కోత సాధారణంగా కాడ అడుగున పెడతారు, హాల్‌మార్క్ కూడా అక్కడే ఉంటుంది. గుర్తుకి దూరంగా కోయమని ముందే చూపించి చెప్పండి, పాలిష్ గట్టిగా పట్టినా లేజర్ గుర్తు చెరిగిపోతుంది. చెరిగితే మళ్లీ హాల్‌మార్క్ వేయించి ఇవ్వాలని షాపుతో ముందే మాట తీసుకోండి. రెండోది, 2.2 మి.మీ. వెడల్పు, 1.6 మందం ఉన్న కాడలో 2 మి.మీ. ముక్క దాదాపు 0.11 గ్రాము. సైజు చేశాకే తూచి బిల్లు వేయమనండి, ముందు వేస్తే ఆ ముక్క డబ్బు మీ మీదే పడుతుంది.

నరసాపురం_లక్ష్మి:

ఐదో ప్రశ్నకి. నీలం విషయంలో రెండు వేర్వేరు సంప్రదాయాలు ఒక వేలి మీద కలుస్తున్నాయి, అందుకే మీ ఇంట్లో చర్చ తెగడం లేదు.

ఎంగేజ్‌మెంట్ ఉంగరపు రాయికి అర్థం చెప్పే అలవాటు ఐరోపా, అమెరికా నుంచి వచ్చింది. అక్కడ నీలం అంటే మాట తప్పకపోవడం, నమ్మకం. 1981లో బ్రిటన్ యువరాజు చార్లెస్ డయానాకి పెట్టిన 12 క్యారట్ల సిలోన్ నీలం, 2010లో అదే ఉంగరం ఆమె కొడుకు విలియం పెళ్లాడిన కేట్ వేలికి రావడం వల్ల ఈ రంగుకి ఇంకా పేరొచ్చింది. మీ కాబోయే మరదలు అడుగుతున్న నమూనా, కోల రాయి చుట్టూ వజ్రాలు, అదే. కెంపు అక్కడ గాఢమైన ప్రేమకి గుర్తు. పచ్చ కొత్త జీవితానికి, ఆశకి. విక్టోరియా రాణికి ఆల్బర్ట్ పెట్టినది పచ్చ పొదిగిన పాము ఆకారపు ఉంగరం. నెలకో రాయి పట్టిక అయితే 1912లో అమెరికా నగల వ్యాపారులు కూర్చుని ఖాయం చేసింది, జులైకి కెంపు, సెప్టెంబర్‌కి నీలం అలా.

మన దగ్గర రాయి గ్రహానికి చెందుతుంది. కెంపు సూర్యుడికి, ముత్యం చంద్రుడికి, పగడం కుజుడికి, పచ్చ బుధుడికి, పుష్యరాగం గురువుకి, వజ్రం శుక్రుడికి, నీలం శనికి, గోమేధికం రాహువుకి, వైడూర్యం కేతువుకి. ఇందులో రంగు అందం కోసం కాదు, జాతకం కోసం. మీ పెద్దమ్మగారి అభ్యంతరానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు, అడిగి చూడండి. ఉంగరపు వేలు సూర్యుడిదని, నీలం పెడితే నడిమివేలికే పెట్టాలని జాతకాలు చూసేవాళ్లు చెబుతారు. ఎంగేజ్‌మెంట్ ఉంగరం పెట్టేదేమో ఉంగరపు వేలికే. అందుకని నమ్మేవాళ్లకి ఇది రెండింతల ఇబ్బంది.

అమ్మాయి నీలి రంగు అడుగుతోంది కానీ నీలమే కావాలంటోందా? అది మొదట కనుక్కోండి. రంగే ముఖ్యమైతే నా ఓటు నీలి స్పినెల్‌కి, అది నీలం కాదు, వేరే జాతి రాయి. కాఠిన్యం (గీతలు తట్టుకునే గట్టితనం, పదికి లెక్క) 8, రోజూ పెట్టుకోవడానికి సరిపోతుంది, మామూలుగా వేడి చేయరు, నవరత్నాల పట్టికలో లేదు. ఎర్ర స్పినెల్‌ని మాత్రం కొందరు కెంపుకి బదులు పెడతారు. బ్రిటిష్ కిరీటంలో 'బ్లాక్ ప్రిన్స్ కెంపు' అని పేరుపడిన రాయి నిజానికి ఎర్ర స్పినెలే, తక్కువ రాయేమీ కాదు. ఒక్క హెచ్చరిక: ల్యాబ్‌లో చేసిన నీలి స్పినెల్ చాలా చవకగా, చాలా ఎక్కువగా దొరుకుతుంది. రత్నదర్శి గారు చెప్పిన రిపోర్ట్ దీనికి ఇంకా అవసరం.

టాంజానైట్ రంగు చూసి మనసు పడతారు. అది 1967లో టాంజానియాలో దొరికిన రాయి, కాఠిన్యం 6 నుంచి 7 మధ్యే. గాలిలో దుమ్ములో ఉండే ఇసుక రేణువు కాఠిన్యం 7, అంటే తుడిచినప్పుడల్లా గీతలు పడతాయి. చెవులకి పెట్టుకోవచ్చు, రోజువారీ ఉంగరానికి వద్దు. ఐయోలైట్ చవక, రంగు బాగుంటుంది, కానీ దాన్నీ ఊదా రాయి అమెథిస్ట్‌నీ శనికి ఉపరత్నాలుగానే వాడతారు. అభ్యంతరం శని గురించే అయితే ఆ రెండూ దాన్ని తీర్చవు. అమెథిస్ట్ ఎండలో ఎక్కువకాలం ఉంటే రంగు కూడా వెలిసిపోతుంది.

గులాబీ రంగు నీలం (పింక్ సఫైర్), పసుపు పుష్యరాగం రెండూ అదే కొరండం జాతి, కాఠిన్యం 9. గురువు రాయి కాబట్టి పుష్యరాగానికి మన ఇళ్లలో పెళ్లి పనుల్లో అడ్డు చెప్పేవాళ్లు తక్కువ. పచ్చ కావాలంటే ఆలోచించండి. దానిలో సహజంగానే పగుళ్లుంటాయి, నూనె పట్టించి అమ్ముతారు. వేడినీళ్లు, అల్ట్రాసోనిక్ శుభ్రం దానికి పడవు, ఆ నూనె పోయి పగుళ్లు తెల్లగా తేలతాయి. ముత్యం, పగడం అయితే కాఠిన్యం 4 లోపే, చెమటకీ సెంటుకీ చింతపండుకీ మెరుపు పోతాయి.

పెద్దమ్మగారిని ఒప్పించడానికి రాయి పేరు మార్చి చెప్పడం మాత్రం చేయకండి. తర్వాత బిల్లు మీద నీలం అని కనపడితే ఆ బాధ కొత్త కోడలి మీదకి మళ్లుతుంది.

బెజవాడ_శ్రీను:

అందరికీ కృతజ్ఞతలు. షాపువాళ్లు 4.510 మీద లెక్క వేయడానికి ఒప్పుకున్నారు. అమ్మాయికి రంగే ముఖ్యమట, స్పినెల్ రాళ్లు రిపోర్ట్‌తో తెప్పిస్తామన్నారు. సరైన సైజులో కొత్త ఉంగరమే చేయిస్తున్నాం. చివరిగా రెండు: పెళ్లయ్యాక వాళ్లు బర్మింగ్‌హామ్ వెళ్తారు, మన హాల్‌మార్క్ అక్కడ చెల్లుతుందా? రాయి మారితే బరువు లెక్కలో ఏం మారుతుంది?

పాట్‌మార్కెట్:

స్పినెల్ సాంద్రత 3.6, నీలానిది 4.0. అదే 8×6 కొలతలో రాయి 1.52 బదులు 1.37 క్యారట్ల దగ్గర తూగుతుంది, అంటే 0.274 గ్రాము. గ్రాస్ వెయిట్‌లోంచి కొత్త రాయి బరువే తీయాలి. పాత ఎస్టిమేట్ అంకెలు కొత్త బిల్లులోకి ఎక్కనివ్వకండి. హెచ్‌యూఐడీ కూడా కొత్తది వస్తుంది, పాత కోడ్‌ని మర్చిపోయి బిల్లులో వేయడం జరుగుతుంటుంది. ఉంగరం చేతికిచ్చేటప్పుడు యాప్‌లో మళ్లీ కొట్టి చూడండి.

గీటురాయి:

పెట్టుకోవడానికి ఏ గుర్తూ అడ్డం కాదు. కానీ బ్రిటన్‌లో 1 గ్రాము దాటిన దాన్ని వ్యాపారంగా "బంగారం" అని అమ్మాలంటే 1973 హాల్‌మార్కింగ్ చట్టం ప్రకారం అక్కడ చెల్లే గుర్తు ఉండాలి. అక్కడ ఒక్కో ఊరి అస్సే ఆఫీసుకి (పరీక్ష కేంద్రానికి) ఒక్కో గుర్తు: లండన్‌కి చిరుతపులి తల, షెఫీల్డ్‌కి గులాబీ, ఎడిన్‌బరోకి కోట, బర్మింగ్‌హామ్‌కి లంగరు. ఎప్పుడైనా అక్కడి షాపుకి అమ్మితే వాళ్లు ముందు అక్కడి అస్సే ఆఫీసులో గుర్తు వేయించుకోవాలి, ఆ ఖర్చు ధరలోంచి పోతుంది. ఇన్సూరెన్స్ కోసం బిల్లు, ల్యాబ్ రిపోర్ట్, ఉంగరం లోపలి గుర్తుల ఫోటో, మూడూ ఫోన్‌లో ఉంచుకోమనండి.

రత్నదర్శి:

బర్మింగ్‌హామ్ అంటే సైజు గురించి ఒక మాట. విజయవాడ ఎండలో వేళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయి, అక్కడి చలికాలంలో సన్నబడతాయి. ఇక్కడ మధ్యాహ్నం కొలిచి సరిగ్గా పట్టేలా చేయిస్తే అక్కడ చేతి తొడుగు తీసేటప్పుడు ఉంగరం కూడా జారిపోతుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి మధ్య సైజు తీసుకోండి. కణుపు దాటేటప్పుడు కొంచెం బిగువు తగలాలి. అక్కడికి వెళ్లాక వదులైతే కోయించకుండా కాడ లోపల అడుగున రెండు చిన్న బంగారు గుబ్బలు పెట్టించుకోవచ్చు, తర్వాత వద్దనుకుంటే తీసేయొచ్చు. ఆ గుబ్బలకి చోటు మిగిలేలా హాల్‌మార్క్‌ని కాడ పక్క భాగంలో వేయించమని ఇప్పుడే చెప్పండి.